వృద్ధులకు విశ్రాంతియా, వ్యాయామమా?

మన పట్టణములలో ఏ మధ్యతరగతి గృహమునకు పోయి చూచినను ఒక దృశ్యము తప్పక కనుపించును. ఇంటి యజమాని ఉద్యోగము చాలించి పింఛను పుచ్చుకొనుచుండును. వరండాలో నొక పడకకుర్చీ, ప్రక్కన మందుల డబ్బా, ఎదుట టీవీ. ఆయన కూరల సంచి చేత పట్టుకొన్నంతనే కుమారుడు పరుగున వచ్చి, "మీకెందుకు నాన్నగారూ, మేము లేమా?" అని సంచి పుచ్చుకొనును. అత్తగారు బట్టలారవేయబోగా, "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అని కోడలు చేతిలోని బకెట్టు నందుకొనును. ఇరుగుపొరుగువారు చూచి, "ఎంత అదృష్టవంతులో! కాలు క్రింద పెట్టనీయరు" అని మెచ్చుకొందురు. ఆ పెద్దలును లోలోన తృప్తిపడుదురు.

ఈ ప్రేమను మేము శంకించుట లేదు. తల్లిదండ్రులను వీథిపాలు చేయు బిడ్డల కథలు వినవచ్చుచున్న యీ దినములలో, కాలు క్రింద పెట్టనీయని బిడ్డలుండుట సంతోషింపదగిన సంగతియే. కాని యీ గౌరవమువలన ఆ కాలికి ఏమగుచున్నది, ఆ కాలితోపాటు తలకు ఏమగుచున్నది అను ప్రశ్నను మనము వేసికొనవలసిన కాలము వచ్చినది. వైద్యశాస్త్రము గడచిన నలువది సంవత్సరములలో సంపాదించిన జ్ఞానమును బట్టి చూడగా, మన మిచ్చుచున్న విశ్రాంతి మన పెద్దలకు మేలుకంటె కీడే యెక్కువగా చేయుచున్నదని చెప్పక తప్పదు.

మొదట కండసంగతి చూతము. ఆరోగ్యవంతుడైన యువకుని బరువులో ఇంచుమించు నూటికి 40 వంతులు కండయే. ముప్పదియేండ్లు దాటినది మొదలు ఈ కండ పదియేండ్లకు నూటికి 3 మొదలు 8 వంతుల వరకు తరుగుచుండునని వైద్యులు లెక్కించినారు. అరువది దాటిన పిమ్మట తరుగుదల మరింత వేగమగును. అంతకంటె విశేష మేమనగా, కండ తరిగినదానికంటె బలము త్వరగా తరుగును. పైకి మనిషి మునుపటివలెనే కనుపించుచుండును. బరువు తూచిన మునుపటి బరువే యుండవచ్చును. కాని కండయుండిన చోట క్రొవ్వు చేరియుండును. పిక్కలు వదులగును. మెట్లెక్కునప్పుడు చేయి గోడను వెదకును. నేలమీద కూర్చున్నవారు లేచునప్పుడు ఎవరో యొకరు చేయి యందీయవలసి వచ్చును. మనము దీనికి "వయసు మీదపడినది" అని పేరు పెట్టి ఊరకుందుము.

వైద్యులును చాలకాలము ఊరకుండినవారే. 1988లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను అమెరికా వైద్యుడు, దీనికి పేరు లేకుండుటచేతనే దీనిని ఎవరును పట్టించుకొనుట లేదని తలచి, గ్రీకుభాషలోని రెండు మాటలు చేర్చి "సార్కోపీనియా" అను పేరు కల్పించెను. మాంసపు లేమి యని దాని యర్థము. పేరు వచ్చిన తరువాత పరిశోధన వచ్చినది; పరిశోధన వచ్చిన తరువాత ఇది వయసు స్వభావము మాత్రమే కాదనియు, కొలువదగినదియు, కొంతవరకు మరల్పదగినదియునగు వ్యాధియనియు తేలినది. ఆసియాదేశముల నిపుణుల బృందము 2019లో మనవంటి శరీరములకు తగిన కొలతలు నిర్ణయించినది. పిడికిటి పట్టు పురుషులకు 28 కిలోలకును, స్త్రీలకు 18 కిలోలకును తగ్గియుండుట, చేతుల ఊత లేక కుర్చీనుండి అయిదుసార్లు లేచి కూర్చుండుటకు 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టుట, నడక సెకండుకు ఒక మీటరు కంటె తక్కువగుట, ఇవి ఆ బృందము చెప్పిన ప్రమాద చిహ్నములు.

ఇక మతిసంగతి. కళ్లజోడు ఎక్కడ పెట్టితినో మరచుట ఎవరికైనను కలుగును. కళ్లజోడు ఎందులకో మరచుట వేరు. నిత్యము పోవు వీథిలో దారి తప్పుట, కన్నకూతురును "ఎవరమ్మా నీవు?" అని యడుగుట, ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి చిల్లర లెక్కింపలేకపోవుట, ఇవి వయసు లక్షణములు కావు. ఇది మెదడు వ్యాధి. దీనినే వైద్యులు డిమెన్షియా యందురు. మనము మతిక్షీణత యనవచ్చును. ఇందలి రకములలో మిక్కిలి సామాన్యమైనదానిని 1906లో జర్మనీదేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ మొదట వర్ణించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున 5 కోట్ల 70 లక్షలమంది ఈ వ్యాధితో నుండిరి. మన దేశమున అరువది దాటినవారిలో నూటికి 7.4 వంతులు, అనగా 88 లక్షలమంది, దీనికి లోనైయున్నారని 2023లో ప్రకటింపబడిన గణన తెలుపుచున్నది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చు. దీనిని పూర్తిగా కుదుర్చు మందు ఇంతవరకు లేదు.

ఈ రెండు క్షీణతలకును సంబంధ మేమి? కాలెక్కడ, తలయెక్కడ యని పాఠకులు సందేహింపవచ్చును. ఈ సందేహమును పరిశోధకులును పడిరి. చికాగో నగరమున తొమ్మిదివందల మందికి పైగా వృద్ధుల కాలుసేతుల బలమును కొలిచి, సగటున మూడున్నర సంవత్సరములకు పైగా వారిని పరిశీలించుచు వచ్చిరి. ఆ కాలములో 138 మందికి ఆల్జైమర్ వ్యాధి వచ్చినది. మొదటినాడు బలవంతులుగా నున్నవారికి ఈ యాపద బలహీనులకంటె చాల తక్కువగా నుండెనని 2009లో వారు ప్రకటించిరి. 2024 డిసెంబరులో అదే నగరమున జరిగిన వైద్యసభలో మరియొక పరిశోధన వెలువడినది. నమలునప్పుడు కణతలయొద్ద కదలు కండరము మెదడునకు తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రములలో ఎట్లును కనుపించుచుండును. సగటున 77 ఏండ్ల వయసు గలిగి, అప్పటికి మతిక్షీణత లేని 621 మంది చిత్రములలో ఆ కండరమును కొలిచి, ఇంచుమించు ఆరేండ్లు వారి స్థితిని గమనించిరి. కణతకండరము చిన్నదిగా నున్నవారికి మతిక్షీణత కలుగు సంభావన పెద్దదిగా నున్నవారికంటె సుమారు 60 శాతము ఎక్కువగా నుండెను. ఆ కండ దేహమంతటి కండకు ప్రతినిధి యని వారి యభిప్రాయము.

ఇది ఎట్లు సంభవమగును? కండ యనగా ఎముకలను లాగు త్రాళ్లకట్ట మాత్రమే యని మన పూర్వపు టూహ. అది యొక గ్రంథివలె పనిచేయునని యిప్పుడు తెలిసినది. పనిచేయుచున్న కండ రక్తములోనికి కొన్ని ద్రవ్యములను విడుచును. అట్టి వానిలో నొకదానిని 2012లో కనుగొని, గ్రీకుపురాణములలో దేవతల సందేశములను మోయు ఐరిస్ పేరిట "ఐరిసిన్" అనిరి. ఆల్జైమర్ లక్షణములు కల్పింపబడిన ఎలుకలలో ఈ ద్రవ్యము జ్ఞాపకశక్తిని కాపాడినదని 2019లో బ్రెజిలుదేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. ఎలుక మనిషి కాదు. కాని దారి యెటున్నదో ఎలుక చూపవచ్చును. ఇక భోజనానంతరము రక్తములో చేరిన చక్కెరను అధికభాగము పుచ్చుకొనునది కండయే. కండ తరిగిన చక్కెర రక్తములో నిలుచును, మధుమేహము ముదురును, మధుమేహము మెదడులోని సన్నని రక్తనాళములను చెరచును. మనవారు సన్నగా కనుపించియు కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ గలవారని పూనానగరపు పరిశోధకులు ఏనాడో హెచ్చరించియున్నారు. కాబట్టి యీ భయము మనకు ఇతరులకంటె ఎక్కువేగాని తక్కువ కాదు.

ఇవి రక్తముగుండా పోవు దారులు. వీథిగుండా పోవు దారి మరియొకటి కలదు. దానిని చూచుటకు సూక్ష్మదర్శిని యక్కరలేదు. కాళ్లలో సత్తువ తగ్గిన వృద్ధుడు మొదట దేవాలయమునకు పోవుట మానును, తరువాత రైతుబజారు, తరువాత గ్రంథాలయము. ఈ పత్రికను పఠనమందిరములో చదువుచున్నవారు ఒక్కమారు తలయెత్తి చూచుకొందురుగాక. నిరుడు ఆ మూల బల్లయొద్ద కూర్చుండి, ప్రతి వార్తకును ఒక వ్యాఖ్య చేయుచుండిన పెద్దమనిషి ఇప్పుడేరి? ఆయనకు జబ్బేమియు లేదు. మెట్లు ఎక్కలేకున్నారు, అంతియే. మెట్లెక్కలేనివానికి మాటలాడువారు కరవగుదురు. మాటలేని మెదడు నూనెలేని యంత్రమువలె పట్టును. ఒంటరితనమును, వ్యాయామలోపమును గూడ మతిక్షీణతకు దారితీయు కారణములలో చేర్చి, ఇట్టి 14 కారణములను తొలగింపగలిగినచో లోకములోని మతిక్షీణతలో ఇంచుమించు నూటికి 45 వంతులు నివారింపవచ్చుననియో, వెనుకకు నెట్టవచ్చుననియో 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన పండితసంఘము చెప్పినది.

ఇక్కడ నొక గట్టి ఆక్షేపణ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. కండ తరుగుటవలన మతి తరుగుచున్నదా, లేక మతి తరుగుచుండుటచేత మనిషి కదలుట మాని కండ తరుగుచున్నదా? లండనులోని ప్రభుత్వోద్యోగులను పదివేలమందికి పైగా ఇరువదియేండ్లకు మించి పరిశీలించినవారు 2017లో దీనినే యెత్తి చూపిరి. వ్యాధి బయటపడుటకు తొమ్మిదేండ్లు ముందునుండియే రోగుల కదలిక తగ్గుచు వచ్చినదనియు, కావున కదలకుండుట వ్యాధికి కారణము గాక దాని మొదటి యడుగు కావచ్చుననియు వారి వాదము. ఇది త్రోసివేయదగిన మాట కాదు. చక్రము రెండువైపులకును తిరుగుచుండవచ్చును.

మరియొక ఆక్షేపణ మన దేశమునుండియే పుట్టును. కండకష్టము పల్లెలలోనే యెక్కువ గదా. అట్లయిన మతిక్షీణత పల్లెలలో హెచ్చుగా నుండనేల? సమాధాన మేమనగా, కండ యొక్కటియే కారణమని ఎవరును చెప్పుట లేదు. చదువులేమి గూడ పై 14 కారణములలో నొకటి. కడుపునిండ మంచి యాహారము లేనివాని కష్టము కండను పెంచుటకు బదులు అరగదీయును. రక్తపుపోటు ఉన్నదని తెలియకయే వృద్ధులగువారు పల్లెలలో ఎందరో! చెవుడు వచ్చినను, కంటిలో పొర వచ్చినను చూపించుకొనువారు కొందరే. మెదడునకు కావలసిన వ్యాయామము కాళ్లది మాత్రమే కాదు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరీక్షించి, ఒక్క భాషయే వచ్చినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి వ్యాధి నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా వచ్చినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలో సయితము ఈ భేదము కనుపించినదట. తెలుగును, ఉర్దూను కలిపి మాటలాడు బజారులే ఒక పాఠశాలయై వారి మెదడులను కాపాడినవన్నమాట.

ఈ ఆక్షేపణలకు తుదిసమాధానము వాదములో లేదు, పరీక్షలో నున్నది. ఫిన్లండుదేశమున 60 మొదలు 77 ఏండ్ల వయసు గలిగి, మతిక్షీణతకు అవకాశ మెక్కువగా నున్న 1,260 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి రెండేండ్లపాటు తగిన యాహారము, కండలకును ఊపిరికిని వ్యాయామము, బుద్ధికి సాధన, రక్తపుపోటు మున్నగువాని పరీక్ష ఏర్పాటు చేసిరి. తక్కినవారికి సాధారణమైన హితవు మాత్రము చెప్పిరి. బుద్ధిపరీక్షలలో మొదటివారి యభివృద్ధి రెండవవారికంటె 25 శాతము అధికమని 2015లో తేలినది. కెనడాలోని వాంకూవరు నగరమున 65 మొదలు 75 ఏండ్ల వయసుగల 155 మంది స్త్రీలలో కొందరిచేత వారమునకు ఒకటి రెండుసార్లు బరువులెత్తించిరి. ఏడాదికి వారి యేకాగ్రత, నిర్ణయశక్తి వృద్ధిపొందినవని 2010లో వ్రాసిరి. అమెరికాలో 120 మంది వృద్ధులతో చేసిన పరీక్షలో, ఏడాదిపాటు వారమునకు మూడుసార్లు నలువదేసి నిముషములు నడచినవారి మెదడులో జ్ఞాపకమునకు నెలవగు భాగము నూటికి 2 వంతులు పెరిగినట్లును, నడకకు బదులు ఒళ్లు సాగదీయు తేలిక సాధన మాత్రమే చేసినవారిలో అదే భాగము తరిగినట్లును 2011లో వెల్లడియైనది. ఇవన్నియు వ్యాధి రాదని హామీ యిచ్చుట లేదు. బరువులెత్తినవానికి మతి చెడదని మేమును చెప్పము. బుద్ధికి మేలు కలుగు సూచన లున్నవని మాత్రము చెప్పుదుము.

మతిసంగతి యిట్లు కొంత సంశయములో నున్నను, కాళ్లసంగతిలో సంశయమే లేదు. అమెరికాలోని బోస్టను నగరమున ఒక వృద్ధాశ్రమములో 86 మొదలు 96 ఏండ్ల వయసుగల పదిమంది దుర్బలులచేత ఎనిమిది వారములు కాళ్లకు బరువుల సాధన చేయించిరి. పూర్తిచేసిన తొమ్మండుగురి కాలిబలము సగటున నూటికి 174 వంతులు పెరిగినదని 1990లో ప్రకటించిరి. తొంబదియేండ్ల కండ పిలిచిన పలికినది! దీనికి ప్రక్కనే 2007లో వెలువడిన మరియొక పరీక్షను పెట్టి చూడుడు. ఆరోగ్యముగానున్న వృద్ధులను కొందరిని పదిదినములు మంచముమీదనే యుంచగా, వారి కాళ్లలోని కండ ఇంచుమించు ఒక కిలో తరిగిపోయినది. పదిదినములు! మనము మన పెద్దలను పదియేండ్లు కూర్చుండబెట్టుచున్నాము.

ఆహారముమాట గూడ చెప్పవలసియున్నది. సాధన యెంత చేసినను ఇటుకలు లేక గోడ లేవదు. కండకు ఇటుకలు మాంసకృత్తులు. మన యిండ్లలో ముసలివారి భోజన మెట్టిది? పళ్లూడినవని పప్పుగింజలు మానుదురు. అరుగదని గ్రుడ్డు మానుదురు. రాత్రికి రెండిడ్లీలో, గ్లాసెడు మజ్జిగయో చాలునందురు. ఆచారవంతులగు వితంతువుల సంగతి చెప్పనేల? ఒంటిపూట భోజనము, నెలలో ఇన్ని యుపవాసములు అని లెక్క పెట్టుకొని, దానినే పుణ్యమని తలంతురు. మతిక్షీణత స్త్రీలలోనే యధికమను మాట ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1918లో కూనూరులో చిన్న విచారణశాఖగా పుట్టి, 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహారసంస్థ మన గడపలోనే యున్నది. పెద్దవయసు వచ్చినవారెవరికైనను దేహపు బరువులో కిలోకు రోజున 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెనని మన దేశపు ప్రమాణము. వృద్ధులకు ఇది చాలదనియు, కిలోకు 1 మొదలు 1.2 గ్రాముల వరకు కావలెననియు పాశ్చాత్య నిపుణులు 2013లో నిర్ణయించిరి. ఆ లెక్కను అరువది కిలోల మనిషికి 60 గ్రాములకు తక్కువ పనికిరాదు. కందిపప్పు వంద గ్రాములలో 22 గ్రాములును, ఒక గ్రుడ్డులో 6 గ్రాములును దొరకును. పళ్లు లేనివారికి మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు, వేరుశనగ పొడి, తినువారికి చేప ఉండనే యున్నవి. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యు నడుగక ఆహారము మార్చరాదు.

వ్యాయామ మనగానే మనకు వస్తాదులు, గోదాలు, గదలు జ్ఞప్తికి వచ్చును. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగువాడుండడు. బలమనగా యువకుల సొత్తు, మల్లుల సొత్తు అని మనము స్థిరపరచుకొన్నాము. యువకునకు బలము అలంకారము. వృద్ధునకు అది జీవనాధారము. యువకుడు వ్యాయామము మానిన పందెములో నోడును. వృద్ధుడు మానిన స్నానపుగదిలో జారి, తుంటి విరిగి, మంచమెక్కి, ఆ మంచముననే మతియు కోల్పోవును. ఈ రెండింటిలో ఎవరికి వ్యాయామశాల ఎక్కువ యవసరమో పాఠకులే నిర్ణయింతురుగాక.

మేము కోరునది గొప్ప ఖర్చుతో కూడిన పని కాదు. అరువదియైదు దాటినవారు వారమునకు కనీసము 150 నిముషములు కొంచెము ఆయాసము కలుగునట్లు నడువవలెననియు, రెండు దినములైనను కండలకు బలసాధన చేయవలెననియు, మూడు దినములు తూలి పడకుండుటకు తగిన సాధన చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. నడకయొక్కటియే చాలునని మనవారు తలంతురు. చాలదు, కండ బరువును కోరును. ఆ బరువు ఇనుపగుండే కానక్కరలేదు. చేతుల ఊత లేక కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని మడమలెత్తుట, నీటిసీసాలు చేతబట్టి పైకెత్తుట, లిఫ్టు వదలి ఒక్క అంతస్తైనను ఎక్కుట, ఇవి ఏ యింటనైనను సాధ్యములే. గుండెజబ్బు, కీళ్లజబ్బు గలవారు వైద్యు నడిగి, కొంచెము కొంచెముగా నారంభింపవలెను. మొదటినాడే వీరులు కాగోరినవారు రెండవనాడు మంచమెక్కుదురు.

ఇండ్లలో ఇంతపని కావలసియుండగా, ఊరిపెద్దలకును పని కలదు. మన పురపాలకసంఘములు కాలిబాటలను అంగళ్లకును బండ్లకును విడిచిపెట్టినవి. వృద్ధుడు వీథిలోనికి రావలెనన్న ప్రాణము నరచేత పట్టుకొని రావలసియున్నది. నడువుడని చెప్పుచు నడచుటకు తావీయకుండుట పరిహాసము. వ్యాయామశాలలు ఉదయమున నొక గంట వృద్ధులకు ప్రత్యేకింపరాదా? గ్రంథాలయములు తమ మెట్లప్రక్కన నొక పట్టుకమ్మీ యైనను వేయింపరాదా? తల్లిదండ్రుల పోషణకు 2007లో శాసనము వచ్చినది. వృద్ధుల యారోగ్యమునకై 2010లో జాతీయ కార్యక్రమ మారంభమైనది. శాసనము భరణ మిప్పించును గాని బలము నీయలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో వృద్ధునకు రక్తపుపోటు చూచుచున్నట్లే, పిడికిటి పట్టును, కుర్చీనుండి లేచు వేగమును గూడ చూడవలెను. కుర్చీయు గడియారమును తప్ప ఈ రెండవ పరీక్షకు వేరు సాధన మక్కరలేదు.

ఒక్క మాట మరువరాదు. ఇప్పటికే మతి చెడిన తల్లినో తండ్రినో సాకుచున్న గృహములు మన మధ్య ననేకములు. వారికి ఈ వ్రాత నిందగా తోపరాదు. జీవితమంతయు పొలములో పనిచేసినవారికిని, ప్రతిదినము నడచినవారికిని ఈ వ్యాధి వచ్చుచున్నది. రోగి సోమరితనముచేత వచ్చినదని గాని, బిడ్డల లోపముచేత వచ్చినదని గాని ఎవరును అనరాదు. అట్టివారిని సాకువారికి ఇరుగుపొరుగు చేయగల సాయము విమర్శ కాదు. సాయంకాల మొక గంట ఆ పెద్దను చేయిపట్టి నడిపించుటయే. ఆ నడక రోగికి మేలు చేయును, సాకువారికి ఊపిరి పీల్చుకొను వ్యవధి యిచ్చును.

2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అరువది దాటినవారు పదికోట్లకు మించియుండిరి. నేటి నలువదియేండ్లవారు రేపటి వృద్ధులు. ఆయుర్దాయమును పొడిగించుటలో శాస్త్రము కొంత గెలిచినది. ఆ పొడిగిన యేండ్లలో తన కాళ్లమీద నిలిచి, తనవారిని పేరుపెట్టి పిలుచుచు బ్రదుకుట యెట్లన్నది మన చేతిలో కొంత యున్నది. ఉన్నంతమట్టుకు చేయకుండుట తప్పు.

కావున రేపు ఉదయము తండ్రిగారు సంచి చేతబట్టినప్పుడు కుమారుడు దానిని లాగికొనకుండుగాక. వీలున్నచో తానును చెప్పులు తొడిగికొని ఆయన వెంట బజారుదాక నడచి, దారిలో ఆయన చెప్పు పాతముచ్చటలు వినుగాక. తల్లిగారు బట్టలారవేయుచున్నచో ఆమె పని ఆమెకు విడుతురుగాక. పెద్దలును, "నాకిప్పుడు కష్టపడవలసిన ఖర్మమేమి?" అను మాట కట్టిపెట్టి, కష్టము కాదిది, కాపుదల యని గ్రహింతురుగాక. తండ్రికి కుర్చీ వేయుట భక్తియే. ఆ కుర్చీనుండి ఆయన తనంతట తాను లేవగలిగియున్నాడా యని దినదినము చూచుకొనుట అంతకు మించిన భక్తి.